నెట్ కేబుల్‌ని కరెంటు పైపులో లాగొచ్చా?

"గోడలో కరెంటు పైపు ఎలాగూ ఉంది కదా, నెట్ కేబుల్ కూడా అందులోంచే లాగేస్తే పోలా?" వైరింగ్ వీడియో ఏది పెట్టినా ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు ఒక్కటే: లాగకండి. కాకపోతే, అందరూ చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు.

కరెంటు పక్కన ఉంటే నెట్ స్లో అయిపోతుందని అందరి టెన్షన్. ఇదిగో, ఈ కేబుల్ పై తొడుగు కొంచెం ఒలుస్తున్నాను, దగ్గరగా చూడండి. ఎనిమిది సన్నటి వైర్లు, నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, బ్రౌన్. ప్రతి జతనీ మెలిపెట్టారు, ఆ మెలికలు కూడా ఒక్కో జతకి ఒక్కోలా ఉన్నాయి. జతలోని రెండు వైర్లలో సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేకంగా వెళ్తుంది. అవతలి చివర పోర్టు, అంటే కేబుల్ గుచ్చే సాకెట్టు, చూసేది ఆ రెండింటి మధ్య తేడానే. మెలిక ఉంది కాబట్టి బయటి నాయిస్, అంటే పక్క నుంచి కలిసే అనవసర సిగ్నల్, రెండు వైర్ల మీదా దాదాపు సమానంగా పడుతుంది, తేడా తీసేసరికి ఎగిరిపోతుంది. పైగా ఇంటి కరెంటు 50 లేదా 60 హెర్ట్జ్. ఇళ్లలో వాడే క్యాట్ 6 రకం నెట్ కేబుల్‌ని 250 మెగాహెర్ట్జ్ దాకా పరీక్షిస్తారు. ఎక్కడా పొంతన లేదు. మోటార్లు, డిమ్మర్లు, నాసిరకం ఎల్ఈడీ లైట్లు పుట్టించే నాయిస్ కథ వేరు, అది పై ఫ్రీక్వెన్సీల దాకా పోతుంది. అయినా ఇంట్లో నాలుగైదు మీటర్లు పక్కపక్కన పోయినంత మాత్రాన నెట్ పడుకోదు.

మరి ఎందుకు వద్దంటున్నాను? పైపులో వైరు లాగేటప్పుడు వంపుల దగ్గర ఒకదాన్నొకటి గీసుకుంటాయి. కరెంటు వైరు తొడుగు ఒక్కచోట చిట్లి, ఫేజు నెట్ కేబుల్ రాగికి తగిలిందనుకోండి. మామూలు నెట్ కేబుల్ తొడుగు మెయిన్స్ వోల్టేజీ కోసం చేసింది కాదు. ఆ కరెంటు నేరుగా రూటర్ దగ్గరికి, లేదంటే ప్లగ్ క్రింప్ చేస్తూ, అంటే వైరు చివర నొక్కి బిగిస్తూ, మీరు పట్టుకున్న వైరులోకి వస్తుంది. పోర్టులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉంటుంది, నిజమే. కానీ వైరు మీ చేతిలో ఉన్నప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏం చేస్తుంది పాపం! అందుకే చాలా దేశాల వైరింగ్ నిబంధనలు ఈ రెండింటినీ ఒకే పైపులో, మధ్యలో అడ్డుగోడ లేని ఒకే బాక్సులో పెట్టనివ్వవు.

కాబట్టి నెట్‌కి విడి పైపు వేయించండి. పక్కపక్కనే పోక తప్పకపోతే కనీసం 5 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, చోటుంటే ఇంకా ఎక్కువ. మీ దగ్గరి నిబంధన అంతకంటే ఎక్కువ అడిగితే అదే పాటించండి. దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

షీల్డ్, అంటే వైర్ల చుట్టూ లోహపు పొర, ఉన్న కేబుల్ కొంటే సరిపోతుందా? షీల్డ్‌కి ఎర్త్ దొరక్కపోతే ఆ డబ్బు దండగే. ప్లాస్టిక్ ప్లగ్గులు బిగిస్తే దానికి ఎర్త్ అందదు.

ఇక స్పీడ్ 1000 ఎంబీపీఎస్‌కి బదులు 100 దగ్గరే ఆగిపోతే, కరెంటు వైర్లని తిట్టుకునే ముందు ప్లగ్గులు చూడండి. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. ఒక్క వైరు సరిగ్గా కూర్చోకపోయినా ఇలా జరగొచ్చు. ప్లగ్ కోసేసి, మెలికని 13 మిల్లీమీటర్లకి మించి విప్పకుండా మళ్లీ క్రింప్ చేయండి.