గాజు బలం దానిని చల్లార్చే తీరులో ఉంది

(తెరపై: గుండ్రని తల, సన్నని పొడవాటి తోక గల గాజు బిందువు. తల మీద సుత్తి దెబ్బ పడుతుంది.)

కరిగిన గాజును ఒక్క బొట్టుగా చన్నీళ్ళలోకి జారవిడిస్తే ఇలాంటి బిందువు తయారవుతుంది. దీని తలను సుత్తితో కొట్టినా చెక్కుచెదరదు. తోక కొనను వేళ్ళతో పుటుక్కున విరిస్తే మాత్రం బిందువంతా రెప్పపాటులో పొడి అయిపోతుంది. 17వ శతాబ్దంలో ప్రిన్స్ రూపర్ట్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ బిందువులు ఆనాటి శాస్త్రజ్ఞులను ఎంతో కలవరపెట్టాయి. ఒకే వస్తువు ఇంత గట్టిగానూ, ఇంత పెళుసుగానూ ఎలా ఉండగలదన్న ప్రశ్నకు జవాబు గాజు చల్లారే తీరులో దొరుకుతుంది.

(తెరపై: ఇసుక, సోడా, సున్నపురాయి పొడి.)

కిటికీలకూ సీసాలకూ వాడే మామూలు గాజులో ఇంచుమించు 70 శాతానికి పైగా ఇసుక నుంచి వచ్చే సిలికా ఉంటుంది. సిలికాను విడిగా కరిగించాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి కనుక, ఆ వేడిని తగ్గించడానికి సోడా, అంటే సోడియం కార్బొనేట్, కలుపుతారు. అయితే సోడా మాత్రమే కలిపితే వచ్చే గాజు నీటిలో కరిగిపోతుంది. ఆ లోపాన్ని సరిదిద్దేది సున్నపురాయి. ఈ మిశ్రమాన్ని సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కరిగించి, కిటికీ అద్దాల కోసమైతే కరిగిన తగరం మీద పలకగా పరుచుకోనిస్తారు. 1959లో ఇంగ్లండ్ ఇంజనీరు అలస్టర్ పిల్కింగ్టన్ ప్రకటించిన ఈ పద్ధతి వల్ల, పలకను రెండు వైపులా అరగదీసి నునుపు చేయవలసిన శ్రమ తప్పింది.

గాజు చల్లారేటప్పుడు దాని అణువులు స్ఫటికంలో లాగా వరుసలు తీరవు. ద్రవం క్రమంగా చిక్కబడుతూ, అణువులు ఎక్కడివక్కడే నిలిచిపోయి ఘనమవుతుంది. పలక పైభాగం ముందు గట్టిపడి, లోపలి భాగం ఇంకా వేడిగా ఉంటే, ఆ తరువాత లోపలిది కుదించుకుపోతూ పైభాగాన్ని తనవైపు లాగుతుంది. అదుపు లేకుండా చల్లారిన గాజులో ఈ లాగుడు ఎక్కడ ఎంత ఉందో చెప్పలేము. అటువంటి పాత్ర ఎవరూ తాకకుండానే పగలవచ్చు. అందుకే పొడవైన పొయ్యి గుండా గాజును నెమ్మదిగా నడిపిస్తూ చల్లారుస్తారు. దీనిని అనీలింగ్ అంటారు.

(తెరపై: భూతద్దం కింద గాజు ఉపరితలం, సన్నని గీతలు.)

ఇలా జాగ్రత్తగా చల్లార్చిన గాజు కూడా, అణుబంధాల లెక్క ప్రకారం ఉండవలసిన బలంలో నూరో వంతు కూడా చూపదు. దీనికి కారణాన్ని 1921లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లండ్ ఇంజనీరు ఏ. ఏ. గ్రిఫిత్ వివరించాడు. గాజు ఉపరితలం మీద కంటికి కనిపించని బీటలు ఉంటాయి. గాజును వంచినప్పుడు లాగుడంతా ఆ బీట మొనల దగ్గర పోగుపడుతుంది. లోహమైతే ఆ చోట కొద్దిగా సాగి ఒత్తిడిని పంచుకుంటుంది. గాజుకు సాగే గుణం లేదు కనుక బీట ముందుకు పరుగెత్తుతుంది. గాజు బలహీనతంతా దాని చర్మంలోనే ఉందన్న ఈ విషయం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే గాజును బలపరిచే ఉపాయాలన్నీ ఆ చర్మాన్ని కాపాడేవే.

బీట తెరుచుకోవాలంటే దానిని ఎవరో లాగాలి. ఆ చోటును ముందే నొక్కి ఉంచితే, లాగే బలం మొదట ఆ నొక్కుడును అధిగమించాలి. గట్టిపరచిన గాజు, అంటే టెంపర్డ్ గాజు, తయారీలో జరిగేది ఇదే. పలకను 620 డిగ్రీలు దాటేలా వేడి చేసి, రెండు వైపులా చల్లగాలిని బలంగా ఊదుతారు. పైపొర వెంటనే బిగుసుకుంటుంది. తరువాత లోపలి భాగం కుదించుకుంటూ పైపొరను నొక్కుతుంది, తాను మాత్రం లాగుడుకు లోనై ఉండిపోతుంది. అనీలింగ్‌లో మనం తప్పించుకోవాలనుకున్న ఒత్తిడినే ఇక్కడ సమంగా, కావాలని నింపుతున్నాము. ఫలితంగా పలక బలం సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. గాజు బిందువు తల సుత్తి దెబ్బకు తట్టుకున్నదీ ఇందువల్లనే.

(తెరపై: టెంపర్డ్ పలక చిన్న ముక్కలుగా రాలిపోవడం.)

బీట ఆ పైపొరను దాటి లోపలికి చేరితే, అక్కడ దాగి ఉన్న శక్తంతా ఒక్కసారిగా విడుదలై పలక మొత్తం చిన్న చిన్న ముక్కలవుతుంది. కత్తుల్లాంటి పొడవాటి పెంకులు రావు గనుక ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుంది. కానీ టెంపర్ చేసిన పలకను తరువాత కోయలేము, తొలచలేము. కొలతలన్నీ ముందే సరిచూసుకోవాలి.

ఫోన్ తెరల వంటి పలుచని గాజుకు గాలి పద్ధతి పనికిరాదు, పైపొరకూ లోపలికీ చాలినంత ఉష్ణోగ్రతా భేదం రాదు. అలాంటి గాజును సుమారు 400 డిగ్రీల కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. ఉపరితలం నుంచి చిన్న సోడియం అయాన్లు బయటికి వెళ్ళి, వాటి చోటుల్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఆ ఇరుకే నొక్కుడు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. గాజులో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు కాలక్రమంలో తన స్ఫటిక రూపం మార్చుకుంటూ కొద్దిగా ఉబ్బుతుంది. అది లాగుడు ఉన్న నడిమి పొరలో ఉంటే, బిగించిన ఏళ్ళ తరువాత కూడా పలక దానంతటదే పగలవచ్చు. అందుకే ఎత్తైన భవనాలకు వాడే టెంపర్డ్ పలకలను ముందుగా సుమారు 260 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిలో ఉంచి, పగలవలసినవి ఆ పొయ్యిలోనే పగిలేలా చూస్తారు.