పొయ్యి మీద రెండో గిన్నె పెట్టిన రోజే మీ డైట్ పోయింది!

సూటిగా చెప్పేస్తున్నా. మీరు బరువు తగ్గకపోవడానికి కారణం మీ బద్ధకం కాదండీ. మీ మనసు గట్టిది కాకపోవడం కూడా కాదు. మీ పొయ్యి మీద ఉన్న రెండో గిన్నె! ఇంటిల్లిపాదికీ ఒక వంట, డైట్ చేసే మీ ఒక్కరికి ఇంకో వంట. ఆ రెండో గిన్నె పొయ్యెక్కిన రోజే మీ డైట్‌కి రోజులు దగ్గరపడ్డాయి.

ఏళ్ల తరబడి డైట్లు చెప్పే మనవాళ్ల గొడవ మీరు చూస్తూనే ఉన్నారు. వీరమాచనేని గారు అన్నం మానేసి రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె తీసుకోమన్నారు. మంతెన గారు ఉప్పూ నూనే లేకుండా వండుకోమన్నారు. ఖాదర్ వలీ గారు బియ్యం పక్కన పెట్టి కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తినమన్నారు. డాక్టర్లు టీవీల్లో కూర్చుని వాదించారు, మీరు కామెంట్లలో కొట్టుకున్నారు. ఎవరిది కరెక్టో ఇవాళ నన్ను అడక్కండి. నేనడిగేది ఒక్కటే. ఈ మూడింట్లో దేన్ని పట్టుకున్నా మీ వంటింట్లో ఇంకో గిన్నె పెరిగిందా లేదా? పెరిగింది కదా!

పొద్దున్న ఆరున్నర. ఒక పక్క కుక్కర్ కూత. పిల్లలిద్దరికీ బాక్సులు, ఆయనకి క్యారేజీ, అత్తగారికి షుగర్ లేని కాఫీ, మామగారికి మెత్తగా ఉడికిన ఇడ్లీ. ఈ మధ్యలో మీ కోసం రాత్రే నానబెట్టిన కొర్రలు, వాటికో గిన్నె, నూనె లేని కూరకి ఇంకో గిన్నె. మొదటి వారం హుషారుగా చేస్తారు. మూడో వారంలో పిల్లాడికి జ్వరం వస్తుంది, లేదా పనమ్మాయి రాదు, లేదా ఊరి నుంచి చుట్టాలు దిగుతారు. ఆ రోజు వంటింట్లో మొట్టమొదట ఆగిపోయేది ఏది? పిల్లల బాక్సు ఆగుతుందా? మామగారి ఇడ్లీ ఆగుతుందా? ఆగదు. మీ గిన్నే ఆగుతుంది. "ఈ ఒక్కరోజుకీ ఇంట్లో ఉన్నదే తినేద్దాం" అంటారు. ఆ ఒక్కరోజు ఇక అయిపోదు.

మగవాళ్లూ, మీరూ వినండి. మీ డైట్ గిన్నె మీరు వండుకుంటున్నారా? లేదు! ఆవిడ వండుతోంది. మీరు ఫోన్‌లో చార్ట్ చూపించి "ఇది చెయ్యి" అన్నారు. నలభై రోజులకి ఆవిడ అలిసిపోతే మీ డైట్ అటకెక్కుతుంది, తిట్లు మాత్రం ఆవిడకి.

ఇంత జరిగాక మనిషి ఏమనుకుంటాడు? "నాకు విల్‌పవర్ లేదు" అనుకుంటాడు. పొద్దున్నే రీల్స్‌లో ఒకడు అరుస్తుంటాడు, లే, పరిగెత్తు, సాకులు చెప్పకు అని. నాకు ఒళ్లు మండిపోతుంది! జ్వరంతో ఉన్న పిల్లాడి పక్కన రాత్రంతా కూర్చున్న తల్లికి విల్‌పవర్ లేదంటారా? ఆవిడకి ఉన్నంత విల్‌పవర్ ఎవరికీ లేదు. గిన్నె ఎక్కువైంది, అంతే.

కాబట్టి రెండో గిన్నె తీసెయ్యండి. ఇంటికంతటికీ ఒకే వంట. ఆ వంటలోనే కొలతలు మారుద్దాం.

ముందు నూనె. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్. వాళ్లు 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు. 2000 కేలరీలు తినే మనిషికి రోజుకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. 2025లో ప్రధాని కూడా నూనె 10 శాతం తగ్గించండి అన్నారు. మంచిమాటే! కానీ 10 శాతం దేంట్లో తగ్గిస్తాం? అసలు ఇంట్లో నెలకి ఎంత నూనె పోతోందో ఎవరికైనా లెక్క ఉందా?

లెక్క నేను చెప్తా. లీటరు ప్యాకెట్ అంటే సుమారు 910 గ్రాములు. కొన్ని ప్యాకెట్లలో అంతకంటే తక్కువే ఉంటోంది, వెనక గ్రాముల అంకె చూసుకోండి. నలుగురున్న ఇల్లు, మనిషికి 27 గ్రాములు, అంటే ఆ ప్యాకెట్ ఎనిమిది రోజులు రావాలి. బరువు తగ్గాలనుకునే ఇంట్లో మనిషికి 20 గ్రాములు పెట్టుకుంటే పదకొండు రోజులు రావాలి. మీ ఇంట్లో అయిదు రోజులకే అయిపోతోందా? అంటే మనిషికి 45 గ్రాములు. 20కీ 45కీ తేడా పాతిక గ్రాములు, గ్రాముకి 9 కేలరీలు, రోజుకి 225. ఒక పెద్ద చెంచా నూనెకే 120 కేలరీలు ఉంటాయి, అరగంట చకచకా నడిస్తే కరిగేది దాదాపు అంతే. నూనె డబ్బా వంచే చేతికి ఒక్క సెకను పని, నడిచే కాళ్లకి అరగంట.

పొద్దున్నే ఒక టీ గ్లాసు తీసుకుని ఆ రోజు నూనె అందులో పోసి పొయ్యి పక్కన పెట్టండి. మనిషికి 20 గ్రాముల లెక్కన నలుగురికి 88 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు. టిఫినుకైనా, పోపుకైనా, కూరకైనా అందులోంచే. డబ్బా పైఅరలోకి పోవాలి. నెయ్యి ఎవరైనా వేసుకుంటే గ్లాసులో ఆ మేరకు తగ్గించాలి. పూరీలు, గారెలు వేసిన రోజు ఈ లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి. నెలకి రెండుసార్లయితే ఏం కొంప మునగదు. వారానికి మూడుసార్లయితేనే చిక్కు.

అయితే నూనె తగ్గించగానే కూర చెడిపోతుంది, ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఎందుకు చెడిపోతుందో చెప్తా.

పోపు తీసుకోండి. పెద్ద మూకుడులో ఒక చెంచా నూనె వేస్తే అడుగంతా పల్చగా పరుచుకుంటుంది, ఆవాలు మునగవు, చిటపటలాడక మాడతాయి. దాంతో ఇంకో రెండు చెంచాలు పోస్తారు. అదే చిన్న పోపు గరిటెలో వేస్తే చెంచాడు నూనే లోతుగా నిలుస్తుంది, ఆవాలు చక్కగా పేలతాయి. పప్పుకీ, పచ్చడికీ, చారుకీ పోపు గరిటే వాడండి.

వంకాయ. దాని లోపలంతా గాలి గదులే, పచ్చిగా నూనెలో వేస్తే స్పాంజిలా పీల్చేస్తుంది. ఉప్పునీళ్లలో తరిగిన ముక్కల్ని తీసి, ముందు నూనె లేకుండా, గుప్పెడు నీళ్లు చల్లి మూతపెట్టి సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు మగ్గించండి. ఆ గదులు అణిగిపోతాయి. అప్పుడు మూత తీసి తడి ఆరనిచ్చి, అరకిలోకి మూడు టీస్పూన్ల నూనెతో పోపు పెట్టి కలపండి. చివర్లో వెల్లుల్లి కారం, రెండు చెంచాల పుట్నాల పొడి. నూనె ఎక్కడ తగ్గిందో తినేవాళ్లకి తెలియదు.

బెండకాయ దీనికి పూర్తిగా రివర్సు. నీళ్లు తగిలితే జిగురు, మూత పెడితే జిగురు, ముందే ఉప్పు వేస్తే నీరు ఊరి మళ్లీ జిగురు. ఆ జిగురు పోగొట్టడానికే కదా మనం నూనె గుమ్మరించేది! కడిగి, గుడ్డతో తుడిచి, అంగుళం ముక్కలు కోసి, వెడల్పాటి మూకుట్లో నాలుగు టీస్పూన్ల నూనెతో మూత లేకుండా వేయించండి. మధ్యలో అరచెంచా నిమ్మరసం. ఉప్పూ కారం దించే ముందే.

ఇప్పుడు కూరల పరిమాణం. ఎన్ఐఎన్ చెప్పింది మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు. నలుగురికి ఎంత? కిలో ఆరువందలు! మనం అరకిలో దొండకాయలు తెచ్చి రెండు పూటలు సర్దుతాం. ఆ కాస్త కూరతో అంత అన్నం ఎలా పోతుంది? ఊరగాయతో పోతుంది. ఒకేసారి కిలో ఆరువందలకి వెళ్లక్కర్లేదు. పప్పులో తోటకూర ఒక కట్టకి బదులు రెండు కట్టలు, పులుసులో సొరకాయ ముక్కలు రెట్టింపు, పెరుగుపచ్చడిలో కీరా తురుము. ఇవన్నీ ఉన్న గిన్నెలోనే, కొత్త గిన్నె లేదు.

బియ్యం దగ్గర జనం చేసే తప్పు ఏంటంటే, కంచం ముందు కూర్చున్నాక మనసుతో కుస్తీ పడతారు. కంచంలో వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ ఉంటే ఎవరి మనసు నిలుస్తుందండీ? బియ్యం కడిగేటప్పుడే తేల్చెయ్యాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే గ్లాసులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, 500 కేలరీల పైమాట. పూటకి మూడు గ్లాసులు పెట్టే ఇంట్లో ఈ వారం రెండున్నర పెట్టండి, వచ్చే వారం రెండు. తగ్గిన చోట కందిపప్పు పెంచండి, నలుగురికి అర గ్లాసు వేసేవాళ్లు ఒక గ్లాసు వేసి గట్టిగా వండండి. కొంతమంది ఆవేశంగా మూడు గ్లాసుల నుంచి ఒక గ్లాసుకి దిగిపోతారు. రాత్రి పదకొండింటికి ఆకలేసి మిక్చర్ డబ్బా తీస్తారు. వంద గ్రాముల మిక్చర్ అంటే 500 కేలరీల పైనే, మిగిల్చిందంతా అక్కడే పోయింది.

మరి ఎదిగే పిల్లలకి ఈ తిండి చాలుతుందా అని మీ అత్తగారు అడుగుతారు. సరైన ప్రశ్నే అది! పిల్లలకి తగ్గించకూడదు. వాళ్ల కంచంలో పైన చెంచాడు నెయ్యి వెయ్యండి, ఒక గుడ్డు పెట్టండి, పాలు ఇవ్వండి. తేడా అంతా కంచంలోనే, గిన్నెలో కాదు. షుగర్‌కి మందులు వేసుకునే పెద్దవాళ్లుంటే, ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే మరీ, అన్నం తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. డోసు అలాగే ఉంచి అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పప్పు పెంచడం కూడా డాక్టర్‌ని అడిగే చెయ్యాలి.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి, ఆ వదిలేసిన ముద్దలు! పారెయ్యలేక అమ్మ నోట్లో వేసుకునే అర ఇడ్లీ, దోశ అంచు, నెయ్యన్నం నాలుగు ముద్దలు. రోజుకి మూడుసార్లు ఇలా జరిగితే అది ఒక టిఫిన్‌తో సమానం. అన్నం పారెయ్యమని నేను చచ్చినా చెప్పను. ముందే తక్కువ పెట్టండి, అడిగితే మళ్లీ పెట్టండి.

కొసరి వడ్డించే చేతుల గురించి కూడా చెప్పాలి. మన దగ్గర ప్రేమంటే గరిటెతోనే. "ఏంటే, ఇలా చిక్కిపోయావు" అని ఇంకో గరిటెడు వేసేస్తారు. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారు. అన్నం గరిటెని వద్దనకండి, కూర గిన్నె అడగండి. "అత్తయ్యా, వంకాయ బాగా కుదిరింది, ఇంకాస్త వెయ్యండి" అంటే ఆవిడకి సంతోషం, మీ కంచంలో అన్నానికి చోటుండదు.

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకో మాట. దేవుడి మీద భక్తి మీది, దాని జోలికి నేను రాను. కానీ రాత్రి అన్నం మానేసి నాలుగు నూనె దోశలు, కొబ్బరి పచ్చడి, ఉప్మా తింటే మామూలు భోజనం కంటే ఎక్కువే అవుతుంది. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, పెసలు, పండు తినండి, ఒక్కపొద్దూ చెల్లుతుంది.

సాయంత్రం ఆరింటికి టీ, రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం. ఈ మూడున్నర గంటలే చాలా ఇళ్లలో బిస్కెట్ ప్యాకెట్లు ఖాళీ అయ్యే సమయం. పొద్దున్న నానేసిన సెనగలు మనిషికి 30 గ్రాముల లెక్కన ఉడికించి, పోపు గరిటెలో చెంచాడు నూనెతో తిరగమోత పెడితే గుగ్గిళ్లు. ఇంటిల్లిపాదికీ అదే. బయటి నుంచి వచ్చిన మనిషి కూడా ఆబగా అన్నం మీద పడడు.

ఇక వెయిట్ మెషిన్. హుషారుని రెండో గిన్నె తర్వాత ఎక్కువగా చంపేది ఇదే. అన్నం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారం రెండు కిలోలు పోతుంది, ఎగిరి గంతేస్తారు. పోయింది ఎక్కువగా నీరండీ! ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరు పోతుంది. ఆదివారం బిర్యానీ తినగానే సోమవారం కిలోన్నర పెరిగినట్టు కనిపించేదీ ఆ నీరే, దానికి ఉప్పు తోడు. కిలో కొవ్వు పేరాలంటే సుమారు 7700 కేలరీలు అదనంగా తినాలి, ఒక్క పూటలో ఎవరూ తినలేరు. ఆడవాళ్లలో చాలామందికి నెలసరికి ముందు కిలో, రెండు కిలోల దాకా నీరు చేరొచ్చు, కాబట్టి పోయిన నెల ఇదే సమయంతో పోల్చుకోండి. మెషిన్ గట్టి నేల మీద పెట్టి, పొద్దున్నే కాఫీకి ముందు, బాత్రూంకి వెళ్లొచ్చాక చూసుకోండి. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. ఆ సగటు కిందకి జారుతుంటే చాలు. ఒకే గిన్నె పద్ధతిలో నెలకి కిలో, కిలోన్నర తగ్గొచ్చు. "నెలకి పది కిలోలు" అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు ఇది చెప్పరు, ఎవరూ క్లిక్ చెయ్యరు కాబట్టి!

ఇప్పుడు వీడియో ఆపి వంటింట్లోకి వెళ్లండి. వాడుతున్న నూనె ప్యాకెట్ అయిపోయాక, కొత్తది కత్తిరించే రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాయండి. అది ఖాళీ అయిన రోజు మళ్లీ ఇక్కడికొచ్చి, ఇంట్లో ఎంతమంది, ఎన్ని రోజులొచ్చింది, ఈ రెండు అంకెలు కామెంట్‌లో పెట్టండి. నలుగురికి ఎనిమిది రోజులన్న లెక్కకి ముందే అయిపోయిన ఇళ్ల కోసం టిఫిన్ల మీద ప్రత్యేకంగా వీడియో చేస్తా, ముందు పెసరట్టుతో మొదలుపెడదాం.