చేతుల మీద గరుకు పొక్కులకు యూరియా లోషన్: నా రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ లోషన్ నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అనలేదు. ధర, సీసా పరిమాణం లాంటివి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

నా గొడవంతా దీంతోపాటు వచ్చిన ఈ గ్లౌజుతోనే. కెమెరా దగ్గరకు తెస్తాను, చూడండి. అచ్చం అంట్లు తోమే పీచులా ఉంది! పైగా కార్డు మీద ‘రోజూ స్నానంలో గట్టిగా రుద్దండి’ అని రాశారు. ఎందుకండీ రుద్దడం? చేతుల పైభాగంలో, వెనక వైపున వచ్చే ఈ పొక్కులు మురికి వల్ల రావు. దీన్ని కెరటోసిస్ పిలారిస్ అంటారు. చర్మంలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్ రోమం బయటికి వచ్చే రంధ్రంలో పేరుకుని దాన్ని మూసేస్తుంది. అంటుకునేది కాదు, ప్రమాదం అంతకన్నా కాదు. చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. మా ఇంట్లో నాన్నగారికి, నాకు, చెల్లికి ఉంది. అమ్మ మాత్రం ఇప్పటికీ ‘ఒంటికి వేడి చేసింది, మజ్జిగ తాగు’ అంటుంది. తాగుతూనే ఉన్నాను, పొక్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రుద్దితే ఏమవుతుందంటే, చర్మం రేగి ఎర్రబడుతుంది. మన రంగు చర్మం మీద ఆ ఎరుపు పోయాక నల్ల మచ్చ మిగులుతుంది. పొక్కయితే దగ్గరికొచ్చి చూస్తే గానీ తెలియదు, మచ్చ అవతలి గట్టు నుంచి కూడా కనిపిస్తుంది. పండక్కి నలుగు పెట్టుకుంటే కాదనను. రోజూ ఈ గ్లౌజుతో తోముకోమంటే మాత్రం ఒప్పుకోను. చర్మం గురించి తెలిసినవాళ్లెవరూ లోషన్ పెట్టెలో దీన్ని పెట్టరు.

సరే, లోషన్. దీనిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే, ‘యూరియా 10 శాతం’ అని ముందువైపే అచ్చు వేశారు. మా బాబాయి చూసి ‘పొలానికి చల్లేదే కదమ్మా’ అన్నారు. పదార్థం అదే బాబాయ్, ఇది శుద్ధి చేసింది. మన చర్మంలోనూ సహజంగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. 10 శాతం దగ్గర ప్రధానంగా తేమ ఇస్తుంది. 20కి చేరితే గట్టిపడిన పొరను వదులు చేసే గుణం బాగా పెరుగుతుంది. 40 శాతం క్రీములు గోళ్లకు, మందంగా మారిన పాదాల చర్మానికి వాడతారు. అందుకే శాతం రాయకుండా ‘యూరియా ఉంది’ అని ఊరించే సీసాలంటే నాకు ఒళ్లు మంట. అలాంటిది చేతికొస్తే వెనక పదార్థాల జాబితాలో ఫినాక్సీఇథనాల్ (లోషన్ పాడవకుండా కలిపేది) ఎక్కడుందో వెతకండి. దాన్ని సాధారణంగా 1 శాతానికి మించి కలపరు. జాబితా ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి, యూరియా పేరు దాని తర్వాత వచ్చిందంటే పేరుకే వేశారన్నమాట.

ఇంతకుముందు నేను 12 శాతం లాక్టిక్ యాసిడ్ లోషన్ వాడాను. పనిచేసింది, కానీ వాక్సింగ్ చేయించుకున్న రోజు రాస్తే చేతులు భగ్గుమన్నాయి. దీనికి ఆ మంట లేదు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. నాకు గరుకుదనం బాగా తగ్గింది, ఎరుపు మాత్రం అలాగే ఉంది. మానేస్తే మళ్లీ వస్తాయి, చలికాలంలో ఇంకాస్త ఎక్కువగా. వయసు పెరిగేకొద్దీ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి.

ఇంకో మాట. చేతి మీద కనిపించే ప్రతి పొక్కూ ఇది కాదు. నొప్పి, చీము ఉంటే రోమకూపాల ఇన్ఫెక్షన్ కావచ్చు. పిల్లలకు నున్నగా మెరుస్తూ, మధ్యలో చిన్న గుంటతో వస్తే అది వైరస్ వల్ల వచ్చే మొలస్కమ్, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. వీటికి చర్మవైద్యులను చూడాల్సిందే. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు సొంతంగా రాయకండి. ఎక్కువకాలం వాడితే చర్మం పలుచబడి చారలు పడతాయి. ఈ పొక్కులకు కొందరు వాడే రెటినాయిడ్ క్రీములు, అంటే విటమిన్ ఎ రకానివి, గర్భిణులు వాడకూడదు.

ఇక వాసన! మల్లెపూల పరిమళమట. జడలో ఉంటే బాగుంటుంది గానీ, పొడిబారిన చర్మానికి ఇంత సువాసన ఎందుకు? చెల్లికి రాసిన కాసేపటికే దురద మొదలైంది. లోపలి సరుకు మంచిదే, అందుకే ఇంత కోపం. వాసన లేకుండా తెస్తే నా డబ్బుతోనే కొంటాను. అప్పటిదాకా, శాతం స్పష్టంగా రాసి ఉన్న, పరిమళం కలపని సాదా యూరియా క్రీమే కొనుక్కోండి. మీ ఇంట్లో ఉన్న సీసా మీద యూరియా ఎన్నో స్థానంలో ఉందో చూసి కామెంట్లలో రాయండి.