ఊచలు వంకరగా కనపడితే శుక్లం కాదు
(కందుకూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక కంటి వైద్యుడి ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. భోజనాల వేళ దగ్గరపడింది, సూటిగా విషయానికొస్తాను.

మన వైపు చూపు తగ్గిందంటే ఒకటే మాట: "శుక్లమే, ముదరనీ, తీయిద్దాం." శుక్లం ఆగితే ఆగుతుంది. మాక్యులా ఆగదు. కంటి వెనక బొమ్మ పడే తెర, రెటీనా, దాని నడిమధ్య ఉండే చిన్న చోటు అది. పేపరు చదవాలన్నా, మనవడి మొహం పోల్చుకోవాలన్నా దాంతోనే పని. వయసు మీద పడ్డాక అది దెబ్బతినడం రెండు రకాలు. పొడి రకం ఏళ్ల తరబడి నిదానంగా నడుస్తుంది. తడి రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి నీరు, రక్తం కారుస్తాయి. కొన్ని వారాల్లోనే నడిచూపు పోవచ్చు. కొందరిలో పొడి రకమే తడిగా మారుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పొగాకు రైతు సంగతి చెబుతాను. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో పని చేస్తుంటే కుడి కంట్లో నలక పడి, ఆ కన్ను మూశాడట. ఎడమ కంటికి ఆకు కట్టిన కర్రలన్నీ వంగిపోయి కనపడ్డాయి. "కర్రలే వంగాయేమో అనుకున్నా సార్" అన్నాడు. రెండు కళ్లూ తెరిస్తే అంతా బాగానే ఉంది మరి! అద్దాలు మార్చుకుని, సీజన్ అయ్యాక చూద్దామనుకుని ఏడు నెలలకు వచ్చాడు. అప్పటికి లోపల మచ్చ కట్టేసింది. దాన్ని ఏ మందూ కరిగించదు.

అతనిది తడి రకం. అదే మొదట్లో వస్తే దీనికి ఇంజెక్షన్ ఉంది. కంట్లో సూదా అని హడలిపోతారు. చుక్కలు వేసి కంటిని మొద్దుబారుస్తాం, రెప్పలకు క్లిప్పు పెడతాం, తెల్లగుడ్డులోంచి సన్నటి సూది. మందు 0.05 మిల్లీలీటర్లే, ఒక్క బొట్టు. పంటి డాక్టరు సూది కంటే నయమని చాలామంది అంటారు. తర్వాత రెండు మూడు రోజుల్లో నొప్పి, ఎరుపు వచ్చినా, చూపు తగ్గినా అర్ధరాత్రయినా రావాలి.

"క్యాన్సర్ మందంట కదా?" అని అడుగుతారు. నిజమే, ఈ సూదిలో వాడే బెవాసిజుమాబ్‌ను పెద్దపేగు క్యాన్సర్ కోసం అమెరికాలో 2004లో అనుమతించారు. ఇదే జబ్బుకు వాడే ఖరీదైన మందు రానిబిజుమాబ్‌తో పోల్చి చూసిన పరీక్షల్లో, 2011లో, చూపు విషయంలో రెండూ సమానమేనని తేలింది. జేబు చూసుకునే వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

మామూలుగా నెలకొకటి చొప్పున మూడు వేసి, ఆపైన రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ చూసి ఎడం పెంచుతాం. మూడో సూదికి చూపు తేరుకోగానే చాలామంది మానేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నీరు మళ్లీ చేరుతుంది.

పొడి రకానికి ఈ సూది పనికిరాదు. జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకు ల్యూటిన్, జింక్, విటమిన్ సి, విటమిన్ ఇ కలిసిన బిళ్లలు ముదరడాన్ని కొంత తగ్గిస్తాయి. పోయిన చూపు తేవు. ఇక చుట్ట, బీడీ, సిగరెట్. పొగాకు మన పంటే, కాదనను. కాల్చేవాళ్లకు మాత్రం ఈ జబ్బు ముప్పు రెండింతలకు పైమాటే.

ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, దాని గడులు చాలు. వారానికోసారి, చదివే అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్నూ విడివిడిగా చూసుకోండి. గీత వంగినా, నడుమ మసక ఉన్నా ఆ వారమే రెటీనా డాక్టరు దగ్గరికెళ్లండి.

ఇప్పుడే చూద్దాం. అందరూ ఎడమ కన్ను మూసి ఆ కిటికీ ఊచలు చూడండి. మూడో వరుసలో పెద్దాయనా, వేళ్ల సందులోంచి చూస్తున్నారు, అరచేత్తో మూయండి. ఆ, ఇప్పుడు చెప్పండి.