ఎండిపోయే గుంటలోనే కప్పల సందడి

నమస్కారమండీ. రాత్రి గట్టి వాన పడింది. అందుకే తెల్లారకుండానే కోనసీమలో ఈ పొలం గట్టు మీదికి వచ్చేశాను. ఆ పల్లంలో చూడండి, నిమ్మపండు రంగులో ఎంతెంత కప్పలో! బోదురు కప్పలివి. మట్టిరంగులో ఉండే మగకప్పలు తొలివానలకి ఇలా పచ్చబడతాయి. గొంతు కింద నీలం సంచులు ఉబ్బించి ఆడకప్పల్ని పిలుస్తాయి. ఈ సంబరం కొద్ది రోజులే.

ఏడాదంతా నీళ్లుండే చెరువు పక్కనే ఉండగా, ఇవి వచ్చి వచ్చి ఈ వాన గుంటలో గుడ్లెందుకు పెడతాయని చాలామంది అడుగుతారు. చెరువులో చేపలుంటాయండీ. గుడ్లనీ, తోకకప్పల్నీ తినేస్తాయి. వేసవిలో నెర్రెలిచ్చిన గుంటలో చేప బతకదు కదా. గుంట ఎండడమే కప్ప పిల్లలకి కాపలా.

అలాగని మరీ త్వరగా ఎండినా కష్టమే. తోకకప్పకి కాళ్లొచ్చి గట్టెక్కడానికి జాతిని బట్టి మూడు నాలుగు వారాల నుంచి రెండు మూడు నెలల దాకా పడుతుంది. నీరు తగ్గుతుంటే కొన్ని జాతుల తోకకప్పలు తొందరపడి ముందుగానే కప్పలవుతాయి. కానీ ఒళ్లు చిన్నదైపోతుంది, బలం తక్కువ. నాకు ప్రతిసారీ ఆశ్చర్యమేసేది ఇదే: నీటిమట్టం దిగుతోందని అంత చిన్న ప్రాణికి తెలిసిపోతుంది!

ఇంకోటి, ఈ బోదురు కప్ప పిల్లలు పక్క జాతుల తోకకప్పల్ని కూడా తింటాయి. అందుకే ఒక్క గుంట చాలదు. వారాల్లో ఎండేవీ, నెలలు నిలిచేవీ, ఏడాదంతా ఉండేవీ అన్నీ కావాలి. చెట్టుకప్ప నీటి మీదికి వంగిన కొమ్మకి నురుగు గూడు కడుతుంది, పిల్లలు కింద నీళ్లలోకి జారతాయి. ఆ కింద నీరు లేకపోతే అంతే సంగతులు. నీటి మీద గెంతుకుంటూ పోయే కప్పకి మాత్రం నిలవ నీరున్నా ఫర్వాలేదు.

మన డెల్టాలో నీటి లెక్క వానతోనే తేలదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కూడా ఇక్కడి రుతువుల్లో భాగమైంది. వేసవిలో కాలువలకి నీరు కట్టేస్తారు, బోదెలు, అంటే పొలాలకి పోయే పిల్లకాలువలు, ఎండుతాయి. సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీరొదలగానే ఆకుమళ్లు, దమ్ము చేసిన మడులు, గట్ల పక్క పల్లాలు నిండుతాయి. ఈ తడి పొడి ఆటలోనే కప్పలు ఇన్నాళ్లూ బతికాయి.

నా బెంగ చేపల చెరువుల గురించి. కొల్లేరు చుట్టూ, డెల్టా పల్లపు భూముల్లో గుంటలు పోయి చెరువులొచ్చాయి. నీరైతే పెరిగింది, నిజమే. కానీ అది ఏడాదంతా ఒకే మట్టంలో, చేపలతో నిండిన నీరు. రొయ్యల చెరువు ఉప్పునీరైతే కప్ప గుడ్డు నిలవడమే కష్టం. దోమల కోసం గంబూసియా చేపల్ని వాన గుంటల్లో కూడా వదులుతున్నారు. అవి దోమ పిల్లలతో పాటు తోకకప్పల్నీ వదలవు. దయచేసి అక్కడ వదలకండి.

కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో ఆపింది. పట్టేవాళ్లు తగ్గినా, గుడ్లు పెట్టే చోటే పోతే ఏం లాభం? రైతు సోదరులకి నాదొక్కటే విన్నపం. పొలం చదును చేసేటప్పుడు మూలనున్న ఆ పల్లాన్ని పూడ్చకండి. వేసవిలో దాన్ని ఎండనివ్వండి.

ఇక నేను మాట్లాడను, మైకు గట్టు మీద పెడుతున్నాను. ఆ బొంగురు గొంతు బోదురు కప్పది. టకటకమంటున్నది చెట్టుకప్ప. వినండి.