మేడ మీది టవర్, చెవి దగ్గరి ఫోన్

అందరికీ నమస్కారమండి. అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ పెడతామని ఎవరైనా వస్తే చాలు, సంఘం మీటింగు రెండుగా చీలిపోతుంది. అద్దె వస్తుందని కొందరు, క్యాన్సర్ వస్తుందని కొందరు. ఈ రెండో మాటను లెక్కలు దగ్గర పెట్టుకుని చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన తలకు చేరే రేడియేషన్‌లో పెద్ద వాటా చెవికి ఆనించుకున్న ఫోన్‌దే. టవర్‌ను తరిమేస్తే ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

రేడియేషన్ అనగానే ఎక్స్‌రే గుర్తొచ్చి భయపడతాం. ఎక్స్‌రే అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలదు. దానికి దాదాపు పది ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి (అణువుల స్థాయిలో శక్తిని ఈ లెక్కలో కొలుస్తారు). 1800 మెగాహెర్ట్జ్ ఫోన్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే తరంగం మోసుకెళ్లే ఒక్కో శక్తి పొట్లానికి ఉన్న శక్తి సుమారు 0.000007 ఎలక్ట్రాన్ వోల్టు. డీఎన్ఏ బంధాలు తెంచడానికి అది ఏ మూలకూ చాలదు. మనకు కచ్చితంగా తెలిసిన ప్రభావం ఒకటే, వేడి. అందుకే పరిమితులు వేడి లెక్క మీదే కట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి ఫోన్ల ఎస్ఏఆర్ (ఒళ్లు పీల్చుకునే తరంగ శక్తి లెక్క) పరిమితి కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటున. మీ ఫోన్‌లో *#07# నొక్కితే ఆ అంకె కనిపిస్తుంది. అది ఫోన్ పూర్తి పవర్‌తో పనిచేస్తున్నప్పుడు కొలిచిన అంకె. కాబట్టి 0.9 ఉన్న ఫోన్ కన్నా 1.2 ఉన్నది ప్రమాదమని తేల్చేయకండి.

మరి 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అనే జాబితాలో ఎందుకు పెట్టింది? ఈ ప్రశ్న అడిగేవారిని తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. కలబంద ఆకు సారం కూడా ఆ వర్గంలోనే ఉందని నవ్వేస్తే అది జవాబు కాదు. 13 దేశాల్లో జరిగి 2010లో వెలువడిన ఇంటర్‌ఫోన్ అనే అధ్యయనంలో ఫోన్ వాడేవారికి మెదడు కణితుల ముప్పు మొత్తం మీద పెరగలేదు. అయితే అందరికన్నా ఎక్కువగా, అంటే మొత్తం 1,640 గంటలు, ఆపైన మాట్లాడిన వారిలో గ్లయోమా అనే మెదడు కణితి ముప్పు 40 శాతం ఎక్కువగా కనిపించింది. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ గంటలన్నీ జ్ఞాపకం మీద చెప్పినవి. జబ్బు పడ్డ మనిషి కారణం వెతుక్కుంటూ గుర్తు తెచ్చుకుంటాడు, ఆరోగ్యంగా ఉన్నవాడు అంత వెతుక్కోడు. అమెరికాలో జరిగి 2018లో తుది ఫలితాలు వెలువడిన ప్రయోగంలో మగ ఎలుకల గుండెల్లో కణితులు వచ్చాయి, నిజమే. వాటి ఒంటి నిండా రోజుకు 9 గంటలు, రెండేళ్ల పాటు తరంగాలు పట్టించారు. ఆ మగ ఎలుకలే తరంగాలు తగలని వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 2024లో వెలువడిన సమీక్ష 63 అధ్యయనాలను చూసింది. పదేళ్లకు మించి వాడినవారిలోనూ మెదడు క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు. నా దృష్టిలో ఎక్కువ బరువు దీనికే ఇవ్వాలి.

ఇక టవర్. 20 వాట్ల ట్రాన్స్‌మిటర్, ఆ శక్తిని ఒకే దిక్కుకు 50 రెట్లు కూడగట్టి పంపే యాంటెన్నా అనుకోండి. సరిగ్గా దాని ఎదురుగా 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 0.03 వాట్లు పడుతుంది. 900 మెగాహెర్ట్జ్ టవర్ తరంగాలకు మన దేశంలో 2012లో పెట్టిన పరిమితి 0.45. అంతర్జాతీయ ప్రమాణంలో అది పదో వంతు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా కిరణం అడ్డంగా, పల్చటి పొరలా ముందుకు పోతుంది గానీ కిందికి దిగదు. యాంటెన్నా కిందనున్న పై అంతస్తు వాళ్లకు పడేది చాలా తక్కువ. అదే యాంటెన్నా ముందు, అదే ఎత్తులో 10 మీటర్ల దగ్గర నిలబడితే మాత్రం 0.8 వస్తుంది, పరిమితి దాటిపోతుంది. అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది: ఆ ఎత్తులో, ఆ దిక్కులో ఎదురు బిల్డింగు బాల్కనీ ఉందా? ఒక్క యాంటెన్నాకే 20 మీటర్ల దూరం ఉండాలని టెలికాం శాఖ 2013 మార్గదర్శకాల్లో చెప్పింది.

4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది 0.2 వాట్లే. కానీ అది మీ చెవికి సెంటీమీటరు దూరంలో ఉంటుంది. సిగ్నల్ నిండుగా ఉంటే ఫోన్ అందులో వెయ్యో వంతుతోనే పని కానిస్తుంది. అరకు రైల్లో కొండ మలుపు దగ్గర ఒక్క గీత మిగిలినప్పుడు మాత్రం పూర్తి పవర్‌కు వెళ్లిపోతుంది. సొరంగంలో సిగ్నల్ పూర్తిగా పోయాక ఫోన్ ఎక్కువగా వింటూ వెతుకుతుందే తప్ప పంపదు. కాబట్టి ఒక్క గీతలో, లిఫ్టులో మాట్లాడాల్సి వస్తే స్పీకర్ పెట్టండి, లేదా వైరు ఇయర్‌ఫోన్ వాడండి. ఫోన్ చెవికి 30 సెంటీమీటర్లు దూరం జరిగితే తలకు చేరేది దాదాపు లేనట్టే. రేడియేషన్ ఆపుతాయంటూ అమ్మే స్టిక్కర్లు కొనకండి. అవి నిజంగా అడ్డుకుంటే ఫోన్ పవర్ పెంచుతుంది, అడ్డుకోకపోతే డబ్బు దండగ. పేస్‌మేకర్ ఉన్నవారు ఫోన్‌ను దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో వద్దు.

మీ టవర్ మీద అనుమానం ఉంటే వాదులాట మానేసి కొలిపించండి. కేంద్ర టెలికాం శాఖ 2017లో తరంగ్ సంచార్ పోర్టల్ తెచ్చింది, అందులో రుసుము కట్టి మీ ఇంటి దగ్గర కొలతకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. టవర్‌కు ఒప్పుకునే సంఘాలు అగ్రిమెంటులో ఒక్క షరతు తప్పకుండా రాయించుకోండి. వాటర్ ట్యాంకు కడిగేవాళ్లు, పెయింటర్లు, డిష్ బిగించేవాళ్లు యాంటెన్నా ముందు పని చేయాల్సి వస్తే, ముందుగా ఫోన్ చేయగానే ఆ వైపు ట్రాన్స్‌మిటర్ ఆపాలి. ఆపినట్టు చెప్పేదాకా ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వకండి.