లేని సిస్టును స్కాన్ చేసి చూద్దాం: ఫీల్డ్ టూలో కంప్యూటర్ ఫాంటమ్

నమస్కారం. అల్ట్రాసౌండ్ తెరమీద నల్లటి మచ్చ కనిపించినప్పుడు అది నిజంగా నీటి సిస్టా (ద్రవం నిండిన తిత్తి), లేక యంత్రం కల్పించిన మచ్చా అన్న అనుమానం వస్తే, రోగి కడుపులోకి తొంగిచూసి తేల్చుకోలేం. అగర్ జెల్లీలో గ్రాఫైట్ పొడి కలిపి పోసిన ఫాంటమ్‌లు, అంటే కణజాలానికి బదులు వాడే నమూనాలు, కొంతవరకు పనికొస్తాయి గానీ, అవి రానురాను ఎండిపోతాయి. కంప్యూటర్‌లో కట్టుకున్న ఫాంటమ్‌లో మాత్రం ధ్వనిని వెనక్కి పంపే ప్రతి బిందువునూ మనమే పెడతాం కనుక, సరైన జవాబు స్కాన్‌కు ముందే మన దగ్గర ఉంటుంది.

ఇందుకోసం డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన యోర్గెన్ ఆరెంట్ యెన్సెన్ రూపొందించిన ఫీల్డ్ టూ అనే అల్ట్రాసౌండ్ అనుకరణ ప్రోగ్రామ్‌ను మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వాడుతున్నాను. ముందుగా, ధ్వనిని పంపి ప్రతిధ్వనిని అందుకునే ప్రోబ్‌కు కొంత దూరంలో మొదలయ్యే, 40 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల మందం, 60 మిల్లీమీటర్ల లోతు గల పెట్టెలో 1,00,000 బిందువులను ఎక్కడ పడితే అక్కడ చల్లి, ఒక్కొక్కదాని ప్రతిధ్వని బలాన్ని గాసియన్ పంపిణీ (సున్నా చుట్టూ గంట ఆకారంలో పరుచుకునే యాదృచ్ఛిక సంఖ్యలు) నుంచి తీసుకుంటాం. ప్రోబ్ నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో, 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో పడిన బిందువుల బలాన్ని సున్నా చేస్తే అదే మన సిస్టు. పక్కనే మిగతావాటికంటే 100 రెట్లు బలమైన బిందువు ఒకటి పెడదాం. దాని అవసరం కాసేపట్లో తెలుస్తుంది.

బిందువుల సంఖ్య దగ్గర పిసినారితనం వద్దు. కంప్యూటర్ త్వరగా పని ముగిస్తుందని ఒకసారి నేను 10,000తో సరిపెట్టాను. ఘన మిల్లీమీటరుకు దాదాపు 3 ఉండవలసిన చోట ఒక్కటైనా పడక, కణజాలమంతా చిల్లులుపడి, నేను పెట్టని సిస్టులు కూడా కనిపించాయి. బిందువులు దట్టంగా ఉంటేనే వాటి ప్రతిధ్వనులు ఒకదానితో ఒకటి కలిసి, అసలు స్కాన్‌లో కనిపించే ఇసుక గరుకు, అంటే స్పెకిల్, ఏర్పడుతుంది.

ప్రోబ్ పౌనఃపున్యం 3.5 మెగాహెర్ట్జ్, ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లు అనుకుంటే తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు, సిస్టు మధ్యనుంచి వచ్చే ప్రతిధ్వనికి దాదాపు 78 మైక్రోసెకన్లు పడుతుంది. చిత్రంలోని ఒక్కో గీతనూ లెక్కించి, ఎన్వలప్ (తరంగపు ఎత్తును చూపే పైగీత) తీసి, బలమైన, బలహీనమైన ప్రతిధ్వనుల మధ్య తేడాను 60 డెసిబెల్స్‌కు కుదించి చిత్రం చూడండి.

మనం సున్నా పెట్టిన సిస్టులో కూడా బూడిదరంగు పొగలాంటిది కమ్ముకుంది, గమనించారా? ఇరుపక్కల కణజాలపు ప్రతిధ్వనులు సైడ్ లోబ్‌ల (ప్రధాన ధ్వనిపుంజం పక్కలకు చిమ్మే బలహీన పుంజాల) దారిన లోపలికి చొరబడ్డాయి. ఇప్పుడు ప్రోబ్ అంచుల్లోని ఎలిమెంట్ల (ధ్వనిని పంపి అందుకునే చిన్న ముక్కల) బలాన్ని, మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకు దిగే హానింగ్ వక్రరేఖ ప్రకారం క్రమంగా తగ్గించి మళ్లీ నడుపుతాను. సిస్టు నల్లబడింది, కానీ పక్కనున్న బిందువు అడ్డంగా సాగి లావెక్కింది. ఈ బేరంలో ఎంత ఇచ్చి ఎంత పుచ్చుకున్నామో కొలిచి చెప్పగలగడమే, నా దృష్టిలో, ఈ శ్రమకు దక్కే అసలు ఫలితం.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. అసలు సిస్టు కింద సాధారణంగా కనిపించే తెల్లటి మెరుపు ఇక్కడ రాదు, ఎందుకంటే ఫీల్డ్ టూ ధ్వని క్షీణతను (లోతుకు పోయేకొద్దీ ధ్వని బలం తగ్గడాన్ని) పెట్టె అంతటా ఒకేలా లెక్కిస్తుంది. చోటును బట్టి క్షీణత, ధ్వని వేగం మారే కణజాలం కావాలంటే కె-వేవ్ వంటి సాధనానికి మారాలి. దానికి పట్టే సమయం మాత్రం చాలా ఎక్కువ.